పప్పుగుత్తితో ల్యాండింగ్

మంగళవారం, రాత్రి

ట్రైనింగ్ విమానాలు ఇంకా రిపేర్లోనే ఉన్నాయట. పైలట్ అకాడమీ వాళ్లు మళ్లీ సెలవు పొడిగించారు. ఇక్కడ మా చైతన్యపురిలో అందరూ నన్ను తీసేశారనే అనుకుంటున్నారు. నా భయం వేరే, నేర్చుకున్నది కూడా మర్చిపోతానేమోనని.

అందుకే పొద్దున డాబా మీద కుర్చీ వేసుకుని, మోకాళ్ల మధ్య పప్పుగుత్తిని విమానం స్టిక్‌లా నిలబెట్టి, కళ్లు మూసుకుని, కంట్రోల్ టవర్‌తో ఇంగ్లీషులో మాట్లాడుతున్నట్టు చెప్పుకుంటూ ల్యాండింగ్ ప్రాక్టీస్ చేశాను. అకాడమీలో అందరం ఇలాగే చేస్తాం. బట్టలు ఆరేయడానికొచ్చిన ఓనరు ఆంటీకి అది తెలియదు కదా.

"ఏమండీ, మీవాడు పప్పుగుత్తితో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడండీ!" అంటూ కిందికి పరుగెత్తింది.

అమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలతో వచ్చింది. వెనకాలే నాన్న. తెలంగాణ సమ్మె మొదలైనప్పటి నుంచి ఆయన నడిపే ఆర్టీసీ బస్సు డిపోలోనే ఉంది. తిడతాడనుకున్నాను. ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"హారన్ ఏదిరా?"

"విమానానికి హారన్ ఉండదు నాయినా."

"హారన్ లేని బండి ఎట్ల నడుపుతవ్ రా?"

నేను మళ్లీ కళ్లు మూసుకుని, "దిగుతున్న, రన్‌వే దగ్గరికొచ్చింది" అన్నాను. ఓరకంట చూశాను. నాన్న కూడా కళ్లు మూసుకుని, కుడికాలితో డాబాను బ్రేకులా గట్టిగా తొక్కిపట్టి ఉన్నాడు.