పొట్టి సాకెట్లు

తెనాలి, 1994. శనివారం రాత్రి.

వాడరేవు మేరీ అక్క చేపల వ్యాను ఇవాళ మా మెకానిక్ షెడ్డు ముందే ఆగిపోయింది. ఇంజను పక్క సందులో బోల్టు వదులై బెల్టు జారింది. బోల్టు తలకి తొడిగి బిగించే మామూలు సాకెట్ పొడవు, అక్కడ దూరదు. "ఐసు కరిగిపోతోంది తమ్ముడూ!" అని అక్క ఒకటే కంగారు.

మీట నొక్కి మార్చుకునే కొత్త పొట్టి సాకెట్ల సెట్టులోంచి ఒకదాన్ని తీసి, గాలి ఒత్తిడితో తిరిగే రాచెట్ రెంచికి తగిలించాను. మొన్నటిదాకా దాన్ని ఆటబొమ్మన్న మా పెద్ద మేస్త్రి యేసుదాసు బాబాయే అందుకుని, కంటికి కనపడని బోల్టుని వేళ్లతో వెతికి, క్షణంలో బిగించేశాడు. వ్యాను మార్కెట్టుకి వెళ్లిపోయింది.

"ఇక నా చేతులతో పనేంట్రా?" అన్నాడు బాబాయ్ నవ్వుతూ. పని మానేస్తాడేమోనని నాకు గుబులు పుట్టింది.

"బోల్టు దొరికింది నీ వేళ్లకే కదా బాబాయ్" అన్నాను.

సాయంత్రం వెళ్తూ, సోమవారం పనికి కావాలంటూ ఆ సాకెట్లన్నీ తన పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.