ఇరవై అడుగులకో గుంజ

మే 28

మా ఉత్తరం నెగ్గేటట్టే ఉంది. అడవిలో, కొండల్లో, నది మీద టూర్లు నడిపేవాళ్ల అసోసియేషన్ మాది. నలభై ఒక్క మంది మెంబర్లు. ఏటా జూన్ పదిహేనుకల్లా డిపార్ట్‌మెంట్ వాళ్లు సీజన్ మూసేస్తారు. వానలు జూలైలో గానీ రావు, అప్పటిదాకా మా వాళ్లు ఈగలు తోలుకుంటున్నారు, ఇంకో నెల ఇవ్వండి అని మూడేళ్లుగా రాస్తున్నాం. ఇవాళ జవాబొచ్చింది. ఇస్తారట. కాకపోతే అంచు బాట ఎంత భద్రంగా ఉందో ఈ సీజన్ రికార్డంతా ఒక్క పేజీలో కావాలట.

ప్రెసిడెంట్ నా భుజం తట్టి, అన్నా, ఆ పేజీ నీదే అన్నాడు. నా కుర్చీ కన్నా నా హోదా పొడుగు. మెంబర్ల సేవలు, భద్రతా విభాగం ఇన్‌చార్జి. విభాగంలో నేనూ, ఒక ఫ్యానూ. ఫ్యాన్ అప్పుడప్పుడు సెలవు పెడుతుంది.

మే 30, సాయంత్రం

అంచు బాట అంటే నది పైన, కొండ నడుముకి చెక్కిన మూడు మైళ్ల దారి. దాని కింద నది ఒడ్డున ఆరు క్యాంపులున్నాయి. టూరిస్టు ఎవడైనా ఆ బాట మీద నడిచే దిగాలి. లోయ వైపు ఇనుప గుంజలు, వాటికి తాడు. ఒక్కో క్యాంపుకి బాటలో ఒక్కో ముక్క అప్పగించాం. వాళ్లు నెలకోసారి కొలిచి ఫారం నింపి పంపాలి.

ఆ ఫారం నాదే. ఇరవై ఏళ్లు గైడుగా తిరిగి మోకాలు పోగొట్టుకున్నాక అసోసియేషన్ కుర్చీ ఇచ్చింది. ఊరి బడిలో నేర్చుకున్న అక్షరాలతో నేను రాసిన మొదటి ఆఫీసు కాగితం అది. గుంజకీ గుంజకీ మధ్య ఇరవై అడుగులు ఉందా? లేకపోతే సరిచేసి టిక్కు పెట్టండి. దాన్ని ఫ్రేము కట్టిద్దామన్నాను. కిటికీ అద్దం పగిలి ఆర్నెల్లయింది, ముందు దానికి కట్టించండి అంది మా ఆవిడ.

ఆరు క్యాంపులు, ఐదు నెలలు, ముప్పై ఫారాలు. అన్నిట్లో టిక్కులే. మూడో క్యాంపు మా బావమరిదిది, మా ఆవిడ తమ్ముడు. వాడి రాత చూస్తే చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంటుంది. టిక్కు మాత్రం దివ్యంగా పెట్టాడు.

ఒక్క సంగతి. రెండు, మూడు, నాలుగు క్యాంపుల ఫారాల్లో ప్రతి నెలా టిక్కు పక్కన ఒకటే మాట ఉంది. సరిచేశాం.

జూన్ 1

ప్రతి నెలా ఏం సరిచేశారు?

జూన్ 2

ఫోన్లు చేశాను.

రెండో క్యాంపు ఆయన, వరుసలో చివరి గుంజ దూరం జరుగుతోందండీ, తాడు వింటినారిలా బిగుసుకుంటోంది, పీకి ఇరవై దగ్గర మళ్లీ పాతేస్తున్నాం అన్నాడు. నాలుగో క్యాంపు ఆయనా అంతే. ఎంత జరుగుతోంది అంటే, ఎవరు రాసుకున్నారు, మీ ఫారంలో ఆ గడి లేదుగా అన్నాడు.

బావమరిది అయితే నవ్వాడు. బావా, ఇరవై అన్నది నువ్వే, టిక్కు పెట్టమన్నది నువ్వే, ఇప్పుడు ఎందుకు పెట్టావని అడిగేదీ నువ్వేనా, పెళ్లినాటి నుంచీ నీతో ఇదే గొడవ అన్నాడు. ఎంత పెరిగేది చెప్పరా అంటే, నెలకి బెత్తెడు ఉంటుంది అన్నాడు.

నెలకి బెత్తెడు. ఐదు నెలలకి అడుగు పైన.

గుంజకి కాళ్లు రాలేదు. దాని కింద ఉన్న నేల నడుస్తోంది. నెలనెలా మా వాళ్లు కొలిచి, చూసి, చెరిపేశారు. చెరిపేయమని అచ్చేసి పంచింది నేను.

జూన్ 4

టేపు పట్టుకుని పైకి వెళ్లాను. మోకాలు దారంతా నన్ను తిట్టింది.

మూడో క్యాంపు పైన చివరి గుంజ పక్కన మట్టి కప్పిన ఐదు గుంతలు, బెత్తెడేసి దూరంలో, వరసగా. గుంజ కుంటుకుంటూ వెనక్కి వచ్చినట్టుంది. వెంట వచ్చిన క్యాంపు పనివాడితో మళ్లీ సరిగ్గా ఇరవై దగ్గర పాతించి, ఇక దీన్ని ముట్టుకోవద్దురా అన్నాను. బాట పైన గడ్డిలో వెతికాను. గడ్డి రెండుగా పాపిడి తీసినట్టుంది. చెయ్యి పెట్టాను. మోచేతి దాకా దిగింది. లోపల్నుంచి చల్లగాలి తగిలింది. ఒక రాయి వేసి చెవి ఆనించాను. చప్పుడు రాలేదు. వస్తుందేమో అని చాలాసేపు అలాగే పడుకున్నాను.

ఆ పగులు వెంట నడిచాను. రెండో క్యాంపు పైన మొదలై నాలుగో క్యాంపు దాటేదాకా ఉంది.

కిందికి దిగి బావమరిదికి చెప్పాను. వాడు కొత్త వంటశాల చూపిస్తున్నాడు. సీజన్ పెంచుతారన్న ఆశతో రేకులు వేయించాడు, జూలై దాకా గెస్టుల్ని ఒప్పుకున్నాడు. కొండ నడుస్తోందిరా అన్నాను. నడవనీ బావా, నీ మోకాలికన్నా నయం అన్నాడు. వంటవాడు కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, అదే తప్పయింది.

జూన్ 5

ప్రెసిడెంట్‌కి అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు, అది ఆయనలో గొప్ప గుణం. గోరంతని కొండంత చేస్తున్నావన్నా అన్నాడు. నేను చెప్పేదే కొండ గురించండీ అన్నాను.

తర్వాత ఆయన అన్నది కొట్టిపారేయలేను. మెంబర్లు మనకి నిజం ఎందుకు రాస్తారు, మన గడప దాటదన్న నమ్మకంతో. ఒక్క ఫారం డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే రేపట్నుంచి అందరూ అబద్ధాలే రాస్తారు, అప్పుడు నీ కొండ గురించి నీకు కూడా తెలియదు అన్నాడు. పైగా బాట మూశారంటే మళ్లీ తెరిపించడానికి పదేళ్లు పడుతుంది, ఆరు క్యాంపులూ అంతే. సీజన్ అయ్యాక జూలైలో మనమే ఒక ఇంజినీర్ని పిలుద్దాం అన్నాడు.

నా మోకాలు విరిగిన రోజు నన్ను తొమ్మిది మైళ్లు వీపు మీద మోసుకొచ్చింది ఈయనే. ఆ వీపుతో వాదించడం కష్టం.

జూన్ 6

ఈ సీజన్‌లో ప్రమాదాలు: లేవు. సంతకం ఆయనది, టైపు చేసిన వేళ్లు నావి.

జూన్ 9

ఆర్డరొచ్చింది. జూలై పదిహేను దాకా. ఆఫీసు పెళ్లివారిల్లు అయింది. నన్ను ఇద్దరు కావలించుకున్నారు. ఒకాయన కళ్లద్దాలు నా చొక్కా గుండీకి చిక్కుకుని, విడిపించేదాకా ఇద్దరం అలాగే ఆప్యాయంగా ఉండాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచాను. ఏమైందండీ అంది మా ఆవిడ. చెప్పాను. మా తమ్ముడికి చెప్పారా అంది. చెప్పాను, నవ్వాడు అన్నాను. నవ్వక ఏం చేస్తాడు, ముప్పై ఏళ్లుగా వాడితో ఒక్క మాటన్నా వేళాకోళం లేకుండా మాట్లాడారా, ఇల్లు తగలబడుతోందన్నా చలి కాచుకోమంటున్నారనుకుంటాడు అంది.

ఆ మాట ముల్లులా దిగింది. ఆవిడ మాత్రం గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది.

జూన్ 11

ఫారాల కాపీలు సంచిలో పెట్టుకుని డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. ఆఫీసరమ్మ చదువుకున్న మనిషి, కూర్చోబెట్టింది. ఫారాలు చూసింది, మా ఉత్తరం తీసి పక్కన పెట్టింది. ఐదు రోజుల కిందట ప్రమాదాలు లేవన్నారు, ఇవాళ కొండ కదులుతోందంటున్నారు, ఏది మీ అసోసియేషన్ మాట అంది. మొదటిది అసోసియేషన్ మాటండీ, రెండోది కొండ మాట అన్నాను. నవ్వలేదు. ఇలాంటి చోట నవ్వకపోవడమే మంచిదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఇరవయ్యో తారీకున ఇంజినీర్ని పంపుతానంది. అంతకుముందు కుదరదా అన్నాను. ఉన్నది ఒక్కడే, వేరే డ్యాం మీద ఉన్నాడు అంది.

బయటికి వచ్చేసరికి నైరుతి మూల నల్లగా ఉంది. జూన్‌లో రావని మూడేళ్లుగా మేం రాసిన వాన.

జూన్ 12

ప్రెసిడెంట్‌కి తెలిసిపోయింది. కేకలేయలేదు, వేస్తే బాగుండేది. అన్నా, తాళాలు ఆ బల్ల మీద పెట్టి వెళ్లు, మోకాలు జాగ్రత్త అన్నాడు. మెట్లు దిగుతుంటే మొన్న కావలించుకున్న కళ్లద్దాలాయన ఎదురొచ్చాడు. ఇంట్లో తిని ఇల్లు తవ్వావయ్యా అన్నాడు. తవ్వింది నేను కాదు అని చెప్పబోయాను. అప్పటికే రెండు మెట్లు పైకి వెళ్లిపోయాడు.

వాన మొదలైంది.

జూన్ 13

పొద్దున్నే వానలో మూడో క్యాంపుకి వెళ్లాను. దారిలో జోకులు తోచాయి. ఒక్కటీ నోట్లోకి రానివ్వలేదు.

బావమరిది గెస్టులకి టీ పోయిస్తున్నాడు. పన్నెండు మంది, తడిసిన టోపీలతో ఫోటోలు దిగుతున్నారు. ఏంటి బావా, నీ కొండ ఇంకా బయల్దేరలేదా, బస్సు లేటా అన్నాడు. టేపు వాడి చేతిలో పెట్టి, నువ్వే కొలువు అన్నాను. వాడు నా మొహం చూశాడు. అంతసేపు వాడు నా మొహం చూడటం అదే మొదటిసారి.

పైకి వెళ్లాం. కొలిచాడు. టేపు తిరగేసి మళ్లీ కొలిచాడు. తొమ్మిది రోజుల్లో జానెడు. తాడు చేత్తో మీటాడు, అది మోగింది. గడ్డిలో పాపిడి ఇప్పుడు కాలు పట్టేంత ఉంది, వాననీళ్లు చప్పుడు లేకుండా అందులోకి పోతున్నాయి. ఎంత పోతున్నా నిండటం లేదు.

వాడు బావా అనలేదు. కిందికి దిగుతూ మెట్టు మెట్టుకీ ఆగి వెనక్కి చూశాడు.

ఆ పూటే మొదలుపెట్టాడు. బాట మీదుగా పంపడానికి భయమేసి, పన్నెండు మందినీ, పనివాళ్లనీ నాలుగు విడతలుగా రాఫ్టులో అవతలి గట్టుకి దాటించాడు. అక్కడ ఎత్తు మీద పాత ఫారెస్టు బంగళా ఉంది. రెండో, నాలుగో క్యాంపుల వాళ్లకీ వాడే చెప్పాడు. నాతో ఫోన్‌లో తేలిగ్గా మాట్లాడిన మనుషులు వాడి మొహం చూసి సామాను సర్దారు. కొత్త రేకులు విప్పుదామా అన్నాడు వంటవాడు. వదిలెయ్ అన్నాడు బావమరిది. ఒక రేకుని చేత్తో తట్టి, రాఫ్టు వైపు నడిచాడు.

మిగతా మూడు క్యాంపులు పగులుకి దూరం. నన్ను ఆఖరి రాఫ్టులో దాటించి, అవతలి రోడ్డు మీద జీపెక్కించాడు.

జూన్ 15

వాన. కొండ అలాగే ఉంది.

జూన్ 16

వాన. ప్రెసిడెంట్ ఫోన్ చేశాడు. సీజన్ పెంచమని మూడేళ్లు బతిమాలింది మనం, పెంచాక మూడు క్యాంపులు మూసుకుని పారిపోయిందీ మనమే, డిపార్ట్‌మెంట్ వాళ్లు కడుపుబ్బ నవ్వుతున్నారు అన్నాడు. ఇంజినీరు వచ్చి ఏమీ లేదంటే ఆ మూడు కుటుంబాల ముందు నిలబడి నువ్వే చెప్పుకో అన్నాడు. చెప్పుకుంటాను అన్నాను.

జూన్ 17, సాయంత్రం

బావమరిది ఫోన్. గెస్టులు బంగళాలో గోలగోలగా ఉన్నారట. ఎలుకలున్నాయట, కరెంటు లేదట, మమ్మల్ని నది ఒడ్డున పెడతానని చెప్పి గోదాములో పెట్టావంటున్నారట. రేపు వాన తగ్గితే తిరిగి తీసుకెళ్దామా అని పనివాళ్లు కూడా అంటున్నారట. బావా, ఇది పడకపోతే నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నాడు.

వేళాకోళం లేకుండా వాడు నన్ను బావా అని పిలవడం ఇదే మొదటిసారి. ఇంజినీరు వచ్చేదాకా ఉండరా అన్నాను. మూడు రోజులు ఈ జనంతో నువ్వుండు చూద్దాం అని పెట్టేశాడు.

ఫోన్ పెట్టాక కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. అది పడాలని కోరుకున్నాను. ఒక్క నిమిషం కాదు, టీ చల్లారేదాకా.

జూన్ 18, ఉదయం 6:10

పడింది. తెల్లవారుజామున. బావమరిది ఫోన్‌లో ఏడుస్తూ నవ్వాడు. మూడు క్యాంపులూ లేవు బావా, అందరం ఉన్నాం, ఒక్కొక్కళ్లనీ లెక్కపెట్టాను అన్నాడు. నదికి అడ్డంగా గోడ కట్టినట్టు పడిందట.

వీధిలో ఒకటే సందడి. ఆరు రోజులుగా వాన పడుతున్నా, క్యాంపులకి దిగువనున్న మా ఊరి వంతెన కింద నీళ్లు లేవట. జనం నది అడుగున తిరుగుతూ బకెట్లలో చేపలు ఏరుకుంటున్నారట. ఎదురింటాయన నన్ను కూడా రమ్మని పిలిచి పరిగెత్తాడు.

ఇక్కడ లేవంటే పైన ఉన్నాయన్నమాట. ఆ గోడ వెనక, అది తెగేదాకా.

మా ఆవిడని పిలిచాను. పలకలేదు. గుమ్మం దగ్గర బకెట్ లేదు.