ఎత్తిన తొండం

కొమరాడ

అమ్మా,

అందరం క్షేమమే, టీవీ చూసి కంగారుపడకు. నిన్న ఉదయం మా అరటితోటలోకి ఏనుగు వచ్చింది. అత్తయ్య హారతి పళ్లెం పట్టుకుని ఎదురెళ్లింది. అది తొండం పైకెత్తింది. "సూడే ఈశ్వరీ, గణపతి దీవిస్తన్నాడు" అంది అత్తయ్య. అలా ఎత్తేది మన వాసన పట్టడానికని, చెవుల ఊపు ఆగితే మీదికొస్తుందని ఫారెస్టు ట్రాకర్ గంగులు ముందే చెప్పాడు. చెవులు ఆగిపోయాయి. అత్తయ్య చెయ్యి పట్టుకుని, పరుగెత్తకుండా, దానికి వీపు చూపకుండా వెనక్కి నడిచాను. జారిపడిన పళ్లేన్ని ఏనుగు తొక్కేసింది. ఇంకా పక్క చెరకుతోటలోనే ఉంది.

నాన్న మోకాలు ఎలా ఉంది? తమ్ముడి చేత పనసపండు పంపకు, ఆ వాసనకి ఇంటిమీదికే వస్తుంది. వదినను అడిగానని చెప్పు.

అత్తయ్య నిన్నటి నుంచి నా కొంగు వదలడం లేదు. "మీ అమ్మకి రాయకే, నిన్ను తీసుకుపోతాది" అంటోంది.

నీ ఈశ్వరి