ఆమెన్ తరువాత హారను

ఏమండీ,

మీరు పోయాక మన కారు ఇవాళే మళ్లీ గేటు దాటింది. చర్చి కోతపండుగలో పాత కార్లను కూడా చూపిస్తాం, మీదీ పంపమని పాస్టరుగారు అడిగితే కాదనలేకపోయాను. బ్యాటరీ ఏనాడో తీయించేశాను కదా, బిట్రగుంట వీధుల్లో ఎడ్లే దాన్ని లాక్కెళ్లాయి.

చూసేవాళ్లకు సరిదిద్ది చెప్పలేక నా నోరు నొప్పి పుట్టింది. దొరలు పోయి ఇరవయ్యేళ్లవుతున్నా ఇది దొర కారేనన్నాడొకడు. ఇంకొకాయన ఇది కిరసనాయిలుతో నడుస్తుందని పెళ్లానికి వివరించాడు. మీరైతే నవ్వేవారు. నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం, కూతుర్ని చూడడానికి చిల్లకూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన కారు చుట్టూ తిరిగాడు.

"మొన్న వానలో మా ఊరి కాడ నన్ను ఎక్కించుకునింది ఈ కారేనమ్మా."

"ఇది మూడేళ్లుగా షెడ్డులోనే ఉందయ్యా. నువ్వు చూసింది ఇంకేదో."

"లేదమ్మా. తోలే ఆయన బండి తీసేముందు స్టీరింగు మీద తల ఆనించి ప్రార్థన చేసినాడు. ఆమెన్ అని రెండుసార్లు హారను కొట్టినాడు. మీ యేసయ్యకు వినపడాలనా అని అడిగినా. కాదు, ఇంట్లో ఆమెకు వినపడాలన్నాడు."

మీరు రోజూ కొట్టిన ఆ హారను నా కోసమని ఎప్పుడూ నాకు చెప్పలేదు.

"ఆయన ఎటు పోతున్నాడు?" అని అడిగాను.

"బిట్రగుంటకేనంటమ్మా."

పొద్దుటినుంచి అందరినీ సరిదిద్దినదాన్ని, ఆ రైతును మాత్రం ఇక సరిదిద్దలేదు. సాయంత్రం కారును మళ్లీ షెడ్డులో పెట్టించి తాళం వేశాను. గేటు గడియ మాత్రం వేయలేదు.