ఎజ్రా మాస్టారి గడ్డం

2024 నవంబరు 11, సోమవారం

కార్తీకమాసం. తెనాలిలో సగం మంది మాల వేసుకున్నారు. సెలూన్‌లో ఈగలు తోలుకుంటున్నాను. మధ్యాహ్నం బాపట్ల నుంచి ఫోన్. ఎజ్రా మాస్టారి కూతురు సునీలక్క. శనివారం వాళ్లమ్మాయి పెళ్లట. జూన్‌లో మా నాన్న శేషాచలం పోయినప్పటి నుంచి మాస్టారు ఎవరి చేతా గడ్డం చేయించుకోవడం లేదట. ట్రిమ్మర్ తెస్తే విసిరికొట్టారట. శేషాచలం కత్తయితేనే, లేకపోతే ఇలాగే చర్చికొస్తానని భీష్మించుకు కూర్చున్నారట. నువ్వే రావాలి తమ్ముడూ అంది. వస్తానక్కా అనేశాను.

పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది. స్టెంట్ వేశాక ఆయనకు రక్తం పలచబడే మాత్రలు ఇస్తున్నారట. చిన్న గాటు పడినా గంటల తరబడి కారుతుందట. ఈ మాట ముందే చెప్పొచ్చు కదా!

నేను పాత కత్తి పట్టి ఎరగను. పని నేర్చుకునేసరికే మార్చే బ్లేళ్లు వచ్చేశాయి.

12, మంగళవారం

షాపు సెలవు. రేపల్లె వెళ్లాను. అమ్మ అటక మీంచి నాన్న పొది దింపింది. తోలుపట్టా, నూరురాయి, పటిక, కత్తి. కత్తి తెరవడానికి బలం పెట్టాల్సి వచ్చింది. పిడి సందులో సబ్బు, వెంట్రుకలు, జిడ్డు కలిసి గట్టిపడ్డాయి. కోసే అలుగంతా తుప్పు.

నాన్న ప్రతి శనివారం బాపట్ల వెళ్లి మాస్టారికి గడ్డం చేసింది దీంతోనేనా? ఐదు నెలల్లో ఇంత మురికా? నాన్న మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేంటని సిగ్గూ వేసింది.

13, బుధవారం

వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్. టూత్‌పిక్‌తో సందులు గీకితే నల్లటి ఉండలు రాలాయి. తుప్పు మాత్రం కదల్లేదు. మా ఆవిడ ఉమారాణి కార్తీక దీపాల కుందులు తోమడానికి చింతపండు నానబెట్టింది. కాస్త తీసి షాపుకు తెచ్చి కత్తికి పట్టించాను. ఇంతలో కస్టమర్. గంట తర్వాత చూస్తే అలుగు నల్లగా తిరిగిపోయింది. ఇత్తడి కాదురా వెధవా, ఉక్కు! నాన్నుంటే వీపు విమానం మోత మోగేది.

14, ఉదయం 6

కలలో కూడా రక్తమే.

15, శుక్రవారం

రెండు వేల నంబరు వాటర్ పేపర్, ఆ సన్న గరుకు కాగితం తడిపి, అలుగు మందపు వైపు నుంచి మెల్లగా రుద్దాను. నలుపు పోయింది. మెరిసింది. అప్పుడు బయటపడ్డాయి, అంచు పొడుగునా తుప్పు తినేసిన గుంటలు. నూరినా పోలేదు. నా చేతి మీద గీసి చూసుకున్నాను. రెండు చోట్ల రక్తం.

దీన్ని మాస్టారి గొంతు మీద పెట్టలేను. ఆ మాట చెబితే ఆయన ఒప్పుకోరు. ఆయనకు చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. పట్టా మీద ఈ కత్తి ఆడించి వినిపిస్తాను, గీసేది కొత్త బ్లేడుతో. పెద్దాయన్ని మోసం చేయడమే ఇది. కనిపెడితే పెళ్లిరోజు ఏం గొడవవుతుందో. భయంగా ఉంది.

16, శనివారం, మధ్యాహ్నం

పొద్దున ఏడింటికల్లా బాపట్లలో ఉన్నాను. తోలుపట్టా కిటికీ ఊచకు కట్టి కత్తి ఆడించాను. టప్ టప్. మాస్టారి మొహం విచ్చుకుంది. అచ్చం శేషాచలం చెయ్యేరా అన్నారు. కత్తి పక్కన పెట్టి బ్లేడు తీశాను. గొంతు దగ్గర ఊపిరి బిగబట్టాను. ఒక్క చుక్క కూడా రాలేదు.

సునీలక్క వేడినీళ్ల కోసం లోపలికి వెళ్లగానే మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. మీ నాన్నా ఇంతేరా అన్నారు. స్టెంట్ వేసినప్పట్నుంచీ, ఆరేళ్లు, ఆ కత్తి ఆడించడం, గీసేది బ్లేడుతో. నా చర్మానికి తెలీదేంటి అన్నారు. వాడు అంత జాగ్రత్తగా అబద్ధమాడుతుంటే నేనెందుకు చెడగొట్టాలి అన్నారు.

బస్సు పొన్నూరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

18, సోమవారం

మాస్టారు ఫోన్ చేశారు. శనివారం రమ్మన్నారు. కత్తి మర్చిపోవద్దన్నారు. మర్చిపోనండి అన్నాను.