అంచు మార్చిన చీర

పెడన,
ఆగస్టు 2021.

రావమ్మకి, నీ మొగుడు అంకమ్మరావు సొంత చేత్తో రాసేది.

ఫోన్లో నీ మాట నా చెవిన పడదు గనక ఈ కాగితం. కూతురి కాన్పుకని వెళ్ళి మూడు నెలలు. నేను కరోనా సూది వేయించుకుంటేనే నిన్ను పంపుద్దట నాగదుర్గ. నర్సయితే తండ్రికి నేర్పుద్దా? నిరుడు నాకా జబ్బే వచ్చింది. పదిహేను రోజులు ఆ పురుగుని నా ఒళ్ళు తల నుంచి తోక దాకా చూసింది. మీ సూది దాని మీదున్న ముల్లొక్కటే చూపిస్తదంట. అంచు చూసినోడు గొప్పా, చీరంతా చూసినోడు గొప్పా?

తా.క. పప్పులో ఉప్పెంతో రాయి. నాకు తెలవక కాదు. నువ్వేసినట్టు కుదరట్లా.

ఇబ్రహీంపట్నం.

బావకి రావమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం విని నాగదుర్గ నవ్వింది. జబ్బొస్తే ఒళ్ళు పురుగంతా చూసేది నిజమేనట. కానీ ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోటి గుర్తుపెట్టుకుంటుందట, కొందరికి గట్టిగా, కొందరికి అంతంతమాత్రం. పురుగు మనలో దూరేది ఆ ముల్లుతోనే గనక సూది దాన్నే గుర్తుపట్టిస్తుందట. జబ్బు పడ్డవాళ్ళకి సూది కూడా పడితే ఇంకా గట్టి అంది. అయినా జానెడు అంచు చూసి ఏ మగ్గం చీరో చెప్పే మనిషి, మీరెప్పుడైనా మడత విప్పారా?

తా.క. ముప్పై ఏళ్ళుగా పప్పులో ఉప్పు మరిచిపోతూనే ఉన్నాను. మీరు ఆవకాయతో సర్దుకుంటున్నారు.

పెడన.

రావమ్మకి.

పురుగు వేషం మారుస్తదని టీవీలో చెప్పారు. అంచు మార్చుకొస్తే ఏం చేస్తావు? అందుకే కొత్త అంచేసిన ఈ చీర పంపుతున్నా. నేసింది నేనో, పక్కింటి హరిబాబో చెప్పు. చెప్పలేకపోతే ఓడినట్టు, నోరు మూసుకుని బస్సెక్కు. సూది మాట ఎత్తొద్దు.

తా.క. నువ్వు లేవుగా, మగ్గానికి నూలు కండెలు నేనే చుట్టుకుంటున్నా. బానే ఉంది. మాట్లాడేవాళ్ళు లేరు, అంతే.

ఇబ్రహీంపట్నం.

బావకి,

కొత్త అంచు చూసి పోల్చలేకపోయాను. ఓడిపోయాననే మడత విప్పాను. మధ్యలో జానెడు మేర నేత వదులు. అటూ ఇటూ మీ బిగువే. అడ్డంగా పడే పేక పోగుని దగ్గరికి బిగించి కొట్టేది మీ ఎడమ చెయ్యి కదా. సూది పడ్డ చెయ్యి ఒకటి రెండు రోజులు సలుపుతుందని నాగదుర్గ ఎప్పుడో చెప్పింది. ఎప్పుడు వేయించుకున్నారు బావా?

అంచు చాలలేదు, చీరంతా చూడాల్సొచ్చింది. మీ మాటే నెగ్గింది. సోమవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను.

మీ రావమ్మ.

తా.క. ఆ చీరే కట్టుకొస్తాను, ఆ జానెడూ పైకి కనబడేట్టు. స్టాండులో నన్ను పోల్చుకోండి.