టేపు లేని కొలతలు

నాన్నా,

కొలెస్ట్రాల్ గోలీ మతిమరుపు తెస్తుందని నువ్వు మానేశావు. మోండా మార్కెట్‌లో అందరి కొలతలూ తలలో పెట్టుకుని కుట్టే దర్జీవి, నీ భయం నీది. నువ్వు గుండెపోటుతో పోయి ఇవాళ్టికి ఏడాది.

నీ మిషన్ మీద ఇప్పుడు నేనే కుడుతున్నాను. అదే గోలీ నాకూ రాశారు. నీ భయమే డాక్టరమ్మకు చెప్పాను.

"మతిమరుపు జబ్బు వస్తదని తేలలేదమ్మా, వచ్చే ముప్పు తగ్గొచ్చని సుత అంటున్నరు. మెదడు తనకు కావాల్సిన కొలెస్ట్రాల్ తానే చేసుకుంటది, రక్తంలది అడగదు" అంది.

ఎంత వింత నాన్నా! పుర్రెలో దానికి వేరే పొయ్యి ఉందన్నమాట.

నెల నుంచి వేసుకుంటున్నాను. ఈ పొద్దున టేపు ముట్టకుండా, నీ కొలతలు గుర్తున్నట్టుగా నీకొక చొక్కా కత్తిరించి కుట్టాను. నీ పాత చొక్కా మీద పరిచి చూశాను.

నూలుపోగంత తేడా లేదు.